నిండా పోసిన కప్పు

మా ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లో, మెట్ల కింద ఖాళీ జాగాలో కూర్చున్న ఒక చైనా పెద్దావిడ నన్ను చూసి చెయ్యి ఊపి "తే, తే" అంది. నేను తెచ్చాను.

ఏం తెచ్చానో తలుచుకుని మా ఆయన ఇప్పటికీ పడిపడి నవ్వుతాడు. ఆవిడ ముందు ఒక పొట్టి బల్ల, దాని మీద నీళ్ళు కిందికి దిగే చిల్లుల పళ్ళెం, ఎలక్ట్రిక్ కెటిల్, కుంకుమ భరిణెలంత కప్పులు. టీ సామానని చూడగానే తెలిసిపోతోంది. పాలు లేవు, పంచదార లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి అంత చక్కటి తెలుగులో తెమ్మంటుంటే అవి కాక ఇంకేం తేవాలి? ఇంట్లోకి వెళ్ళి గిన్నెడు పాలు, పంచదార డబ్బా పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాను. ఆవిడ పాల వంక చూసింది, నా వంక చూసింది. పిల్లి ఎలుకను పట్టుకొచ్చి మన కాళ్ళ దగ్గర పడేస్తే ఎలా చూస్తామో అలా చూసింది. తర్వాత ఒళ్ళంతా ఊగేలా నవ్వి, కప్పు చూపించి "తే" అంది. ఆకుల డబ్బా చూపించి "తే" అంది. రెండో పీట నా వైపు జరిపింది. అప్పటికి ఎక్కింది నా బుర్రకి. ఆవిడ నన్నేమీ తెమ్మనడం లేదు, టీ తాగమంటోంది.

మాది గ్రౌండ్ ఫ్లోర్. వాళ్ళదీ అంతే. రెండు గుమ్మాలూ ఎదురెదురు, మధ్యలో పైకి వెళ్ళే మెట్లు. వాళ్ళు అప్పుడే కొత్తగా దిగారు. కొడుకూ కోడలూ పొద్దున్నే చెరో కారెక్కి పోతారు, మనవలు స్కూలు బస్సెక్కుతారు, ఈవిడ మిగులుతుంది. నేను ఇంటి నుంచే పనిచేస్తాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రోజంతా ఒకళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడమే నీ ఉద్యోగం, నీ నోరు అందుకే అట్ల తయారైంది అంటాడు మా ఆయన. ఉద్యోగం రాకముందు కూడా నా నోరు ఇంతే. ఆయనకది తెలుసు.

పిల్లలు ఆవిడను "ఆమా" అని పిలిచేవారు, నాయనమ్మ అని. నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. ఆమాకి ఇంగ్లీషు రాదు, కారు నడపడం రాదు. కాంప్లెక్సులో చైనా వాళ్ళు ఇంకా ఉన్నారు కానీ వాళ్ళ మాట వేరు, ఈవిడ మాట వేరు. ఫోన్లో అనువాదం చేసే యాప్ పెట్టి చూశాను. ఆవిడ చాలాసేపు ఏదో చెబితే "ఆవు పైకప్పు మీద సంతోషంగా ఉంది" అని వచ్చింది. దాన్ని మూసేశాం. అప్పటి నుంచి మధ్యాహ్నం నా మీటింగులు అయిపోగానే తలుపు తీసుకుని వెళ్ళి ఆ పీట మీద కూర్చునేదాన్ని. ఆవిడ పోసేది, నేను తాగేదాన్ని. ఆవిడ వాళ్ళ భాషలో, నేను తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

అసలు సంగతులన్నీ శనివారాల్లో కోడలు ఇంట్లో ఉన్నప్పుడు ఇంగ్లీషులో తెలిసేవి. వాళ్ళది ఫుజియాన్ రాష్ట్రం. ఒక పక్క సముద్రం, మిగతా అంతా కొండలు. ఈ కొండ మాట ఆ కొండకి అర్థం కాదట. ఆమాది దక్షిణాన అన్షి అనే టీ తోటల ఊరు. అక్కడ టీని "తే" అంటారు. ఆ తీరం నుంచే ఓడలవాళ్ళు ఆకుతో పాటు మాట కూడా ఎత్తుకుపోయారు. సముద్రం మీద వెళ్ళిన చోటల్లా తే, టీ అయింది. నేల మీద నడిచి వెళ్ళిన చోట చైనాలో మిగతావాళ్ళు అనే "చా" వెళ్ళి చాయ్ అయింది. మన తేయాకులో ఉన్న తే ఈవిడ నోట్లో తే. చిన్నప్పుడు నేను తేనీరంటే తేనెలాంటి నీరనుకునేదాన్ని.

ఆ రోజు నా ఆనందం చూడాలి మీరు. ఎందుకంటే మాది తెనాలి, ఆయనది వరంగల్. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను టీ అంటే ఆయన "మీ ఆంధ్రోళ్ళకు ఇంగ్లీషు మోజు, చాయ్ అన్రాదా" అని దెప్పుతూనే ఉన్నాడు. సాయంత్రం ఆయన ట్రైన్ దిగి ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే నిలబెట్టి చెప్పాను. టీ ఇంగ్లీషు మాట కాదు, ఇంగ్లీషువాళ్ళే ఎత్తుకుపోయిన మాట, అసలైనది ఎదురింట్లో ఉంది, పోయి అడుక్కోండి అన్నాను. ఆయన బూట్లు విప్పుతూ, "సరే తీయ్, ఇప్పుడన్న ఒక చాయ్ పొయ్యి" అన్నాడు. మనిషి మారడు.

ఆమా దగ్గర నేను నేర్చుకున్నది ముందు ఓపిక. ఆవిడ ఊరి టీ పేరుకి ఇనుప కరుణాదేవి అని అర్థమట. దేవతకి ఇనుమేమిటో, కరుణేమిటో! చూడ్డానికి పచ్చటి గుళ్ళు, మిరియాలంత. మూతకప్పులో వేసి సలసల కాగే నీళ్ళు పోస్తుంది. ఆ మొదటి నీళ్ళు తాగడానికి కాదు. కప్పులు కడిగి పారబోస్తుంది. పారబోస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. మళ్ళీ పోస్తుంది. గుళ్ళు ఒళ్ళు విరుచుకుని ఆకులవుతాయి. ఒకటే ఆకు మళ్ళీ మళ్ళీ నీళ్ళు తాగి ప్రతిసారీ ఒక కొత్త రుచి ఇస్తుంది. ముందు పూల వాసన, తర్వాత పచ్చివేరుశనగ లాంటి కమ్మదనం, చివరికి గొంతులో ఎక్కడో తీపి. పంచదార లేకుండా తీపి ఎక్కడ్నుంచి వచ్చిందని మొదట్లో కప్పు అడుగు చూశాను.

తర్వాత ఒక్కొక్క డబ్బా తెరిచింది. వూయి కొండల రాతి టీ నల్లగా, వేయించి ఉంటుంది. వాన పడ్డ బండ వాసన. పైన్ కట్టెల పొగలో ఆరబెట్టినది ఇంకొకటి. అది తాగితే కట్టెల పొయ్యి మీద అడుగంటిన పాలు గుర్తొచ్చి నాకు ఒక్కదానికే నచ్చింది. ఫూడింగ్ తెల్ల టీ ఏడాదికి టీ, మూడేళ్ళకి మందు, ఏడేళ్ళకి నిధి అంటారట. మన పాత చింతపండుకి చెప్పినట్టే చెబుతారు. జలుబు చేసినప్పుడు ఆవిడ అది కాచి ఇచ్చింది, నేను మిరియాల చారు కాచి ఇచ్చాను. ఏది పనిచేసిందో ఇద్దరం ఒప్పుకోలేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది కోడలి టీ. ఆ అమ్మాయిది అదే రాష్ట్రంలో ఉత్తరాన ఫూజో. అక్కడ మల్లెమొగ్గల్ని టీ ఆకు మీద పరుస్తారు. మొగ్గ విచ్చుకుంటూ వాసన ఆకుకి ఇచ్చేస్తుంది. వాడిన పూలు ఏరి పారేసి, మళ్ళీ కొత్త మొగ్గలు పరుస్తారు. చివరికి కప్పులో పువ్వు ఉండదు, మల్లెలే ఉంటాయి. మల్లెల పిచ్చి ఉన్న తెలుగుదానికి అంతకంటే ఏం కావాలి? ఆమా మాత్రం ఆ డబ్బా చూస్తేనే మూతి తిప్పేది. మంచి ఆకుకి పూల జడ ఎందుకు, పనికిరాని ఆకుకి పెట్టుకుంటారు గానీ అని ఆవిడ వాదన. కోడలు నవ్వుతూ ఆవిడ ఎదురుగానే తాగేది. మా ఇంట్లో టీ, చాయ్ లాగే. దూరం వెళ్ళక్కర్లేదు, ఏ ఇంట్లో చూసినా రెండు రాష్ట్రాలుంటాయి.

ఎప్పుడూ ఆవిడ చేతి టీయేనా అని ఒకరోజు నేను అల్లం దంచి, యాలకులు వేసి, చిక్కటి పాలతో టీ పెట్టి పట్టుకెళ్ళాను. ఆవిడ కప్పుల్లోనే పోశాను. మనం ఎలా పోస్తాం? అంచు దాకా పోశాను. మా వైపు ఎవరికైనా అరకప్పు టీ ఇస్తే వాళ్ళు వీధి మలుపు తిరగకముందే మన పరువు తీసి పెడతారు. ఆమా ఆ కప్పు చూసి బిగుసుకుపోయింది. ముట్టుకోలేదు. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. అంత రుచిలేని టీ పెట్టానా నేను? మర్నాడు నేను తలుపు తియ్యలేదు.

శనివారం కోడలే వచ్చి తలుపు కొట్టింది. వాళ్ళలో సారా నిండా పోస్తే మర్యాద, టీ నిండా పోస్తే అవమానమట. నిండు కప్పు చేతికి కాలుతుంది, పట్టుకోలేరు. తాగి ఇక లేచి వెళ్ళు అని చెప్పకుండా చెప్పడమన్నమాట. కప్పులో ఏడు పాళ్ళు టీ పోసి, మూడు పాళ్ళు మనసుకి వదలాలని వాళ్ళ సామెత. నేను ఆవిడ బల్ల దగ్గర, ఆవిడ కప్పులో పోసి, ఆవిడనే పొమ్మన్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక నేరుగా వెళ్ళి ఆమా ఎదురుగా కూర్చున్నాను. మా ఇంట్లో కప్పు నింపడమే మనసని కోడలి చేత చెప్పించాను. ఆవిడ ఆ పాల టీ మళ్ళీ తెమ్మంది. ఈసారి నిజంగానే తెమ్మంది.

ఇలా ఉండగా ఒకరోజు మా అపార్ట్‌మెంట్ల ఆఫీసు నుంచి మేనేజరమ్మ వచ్చింది. మంచి చీరకి నప్పే జాకెట్టు లాంటి నవ్వు. మెట్ల దగ్గర ఫర్నిచర్ పెట్టకూడదని, కరెంటు వస్తువులు వాడకూడదని, కంప్లయింట్ వచ్చిందని, ఇది అందరి మంచి కోసమేనని చెప్పింది. ఆమాకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ అంతా అర్థమైంది. మేనేజరమ్మ మాట్లాడుతున్నంతసేపూ కెటిల్ వంక, బల్ల వంక వేలు చూపిస్తూనే ఉంది మరి. ఆమా లేచి, ఒక కప్పు తీసి, అంచు దాకా పోసి, రెండు చేతులతో ఆవిడకి అందించింది. మేనేజరమ్మ వేళ్ళు కాలుతుంటే చేతులు మార్చుకుంటూ, ఎంత మంచివారండీ మీరు అని ఇంగ్లీషులో మురిసిపోయింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

నవ్వు ఆ ఒక్క పూటే. కొడుకు భయస్తుడు. ఆ రాత్రే బల్ల లోపల పెట్టేశాడు. మర్నాడు మధ్యాహ్నం తలుపు తీసి చూస్తే మెట్ల కింద ఖాళీ. నాలుగు రోజులు పోయాక కోడలు చెప్పింది, ఆమా టీ పెట్టుకోవడం మానేసిందని. ఒక్కదాని కోసం నీళ్ళు కాచుకుంటారా ఎవరైనా అందట. వాళ్ళ ఊళ్ళో గుమ్మం ముందు మనిషి ఆగితే ముందు నీళ్ళు పెట్టి, తర్వాత ఏం పని మీద వచ్చావని అడుగుతారు. ఇక్కడ గుమ్మం మూసేశాక నీళ్ళు ఎవరికి పెట్టాలి? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ టీ తాగిన మనిషి, టీ తోటలో బతికిన మనిషి, గోడ వైపు మొహం పెట్టి కూర్చుని వేడినీళ్ళు తాగుతోంది.

కంప్లయింట్ చేసింది ఎవరో ఆ వారాంతమే తెలిసింది. పై ఫ్లోర్లో ఉండే తెలుగమ్మాయి వాళ్ళ చిన్నవాడి పుట్టినరోజు. నన్ను అక్కా అని పిలుస్తుంది, దాని పిల్లలు నా చేతుల మీద పెరిగారు. కేక్ కోస్తుండగా ఎవరో ఆ చైనా ముసలావిడ కనబడ్డం లేదేమని అడిగారు. ఆ అమ్మాయి ప్లేట్లు సర్దుతూ, నేనే ఆఫీసులో చెప్పానంది. మెట్ల దగ్గర వేడినీళ్ళూ వైర్లూ, పిల్లలు పరిగెడుతుంటారు కదా అంది. అక్కడితో ఆగి ఉంటే నేను ఒప్పుకునేదాన్నేమో. ఆగలేదు.

"అయినా కోవిడ్ చూశాక కూడా వాళ్ళ కప్పుల్లో తాగడమేంటక్కా? నీకెలా మనసొప్పింది?"

గదిలో అందరూ మన వాళ్ళే. అందరూ కేక్ వంక చూస్తున్నారు.

"పిల్లలు పడతారని నీ భయమైతే కిందికి దిగి నాతో చెప్పేదానివి, వైరు నేనే పీకేసేదాన్ని," అన్నాను. "నువ్వు ఆఫీసుకి వెళ్ళింది ఈ రెండో మాట కోసం."

దాని మొహం ఎర్రబడింది. అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో పెట్టడం నీకు అలవాటే అక్కా అంది. అవును, ఆవిడ దగ్గర ఆకే గొప్పది అని నేను చెప్పులు వేసుకుని కిందికి వచ్చేశాను. కేక్ తినలేదు. రసమలై కేక్, అది మాత్రం బాధే.

ఇంటికొచ్చాక మా ఆయన మొదలుపెట్టాడు. "మన గ్రీన్ కార్డ్ ఇంకా పెండింగ్‌లనే ఉంది. లీజ్ రెన్యూవల్ వస్తున్నది. ఊకె ఆఫీసోళ్ళతోని ఎందుకు పెట్టుకుంటవ్?" అన్నాడు. టీ తాగితే వీసా క్యాన్సిల్ చేస్తారా అని అడిగాను. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఇదే వరస. పెండింగ్‌లో ఉంది కాబట్టి గట్టిగా మాట్లాడకు, పెండింగ్‌లో ఉంది కాబట్టి పొరుగువాడి మీద పడ్డ దెబ్బ చూడకు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అవుతుందని మా అమ్మ ఊరికే అనలేదు. నేను మెత్తబడను. పెండింగ్‌లో ఉన్నది కాగితం, నేను కాదు.

సోమవారం ఆఫీసుకి వెళ్ళాను. మేనేజరమ్మని మర్యాదగానే అడిగాను. మెట్ల కింద అందరి జాగా, అక్కడ పెట్టకూడదు, సరే. నా పేషియో, అంటే ఇంటి బయటి గచ్చు, నా లీజులో ఉంది కదా, అక్కడ బల్లా కుర్చీలూ పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. నా ఇంటి ప్లగ్గుకి కెటిల్ పెట్టుకోవచ్చా? నవ్వి, అది మీ ఇల్లండీ అంది. ఎవర్ని కూర్చోబెట్టుకోవాలో కూడా నా ఇష్టమేనా అన్నాను. ఆవిడ నవ్వు కాస్త తగ్గింది. ఇష్టమే అంది.

మా పేషియో నిండా మా ఆయన సామ్రాజ్యం. పాడైన ట్రెడ్‌మిల్, మంచుకాలం టైర్లు, క్యారమ్ బోర్డు, ఎప్పుడో వాడదామని దాచిన అట్టపెట్టెలు. అన్నీ ఈడ్చి పారేశాను. టైర్లు మాత్రం ఆయనే తీసుకెళ్ళి ఎక్కడో పెట్టుకున్నాడు. అరుస్తూనే తీసుకెళ్ళాడు, కానీ నేల కడిగింది కూడా ఆయనే. మధ్యాహ్నం ఎదురింటి తలుపు కొట్టి, ఆమా తీయగానే చెయ్యి ఊపి, గట్టిగా "తే, తే" అన్నాను.

ఆవిడ తెచ్చింది. బల్ల, పళ్ళెం, కప్పులు, డబ్బాలు అన్నీ మోసుకొచ్చాం.

మెట్ల కింద ఎవరికీ కనబడేవాళ్ళం కాదు. మా పేషియో ఎదురుగానే పార్కింగ్. ఇప్పుడు కాంప్లెక్సంతా మమ్మల్ని చూసుకుంటూ కార్లు పెట్టుకోవాలి. పక్క వాటా గుజరాతీ అత్తగారు ఒకావిడ వాకింగ్ మధ్యలో ఆగింది. తర్వాత ఒక తమిళాయన, రిటైరైన డాక్టరు, రాతి టీ తాగి ఆకు గురించి నన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాడు. మనవాళ్ళు కొందరు దూరం నుంచే చూసి, అక్క ఏదో కషాయానికి అలవాటు పడిందన్నారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. అననీ అనుకున్నాను. చలి మొదలయ్యాక కూడా శాలువాలు కప్పుకుని అక్కడే కూర్చున్నాం, కెటిల్ ఆవిరి మా మొహాలకి తగిలేలా. ఆమా మళ్ళీ మల్లె టీని తిట్టడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

పై ఫ్లోర్ అమ్మాయి రోజూ మా ముందు నుంచే కారు దగ్గరికి వెళ్ళాలి. మొదట్లో ఫోన్ చెవికి ఆనించుకుని వెళ్ళేది. తర్వాత తల ఊపేది. చివరికి ఒకరోజు పిల్లల్ని క్లాసులో దింపి వచ్చి, పేషియో అంచున నిలబడి, "నాకు కూడా ఇస్తావా అక్కా?" అంది. సారీ అనలేదు. ఆ మాట ఎవరితో అనాలో దానికి తెలుసు, అయినా అనలేదు. ఆమాకి కూడా తెలుసు, కంప్లయింట్ ఎవరిదో కోడలికి నేనే చెప్పాను.

కెటిల్ ఆమా వైపు ఉంది, మూతకప్పు నా వైపు ఉంది. నేను తీసుకున్నాను. ఇనుప దేవత టీ, మంచి ఘాటుగా దిగింది. కుంకుమ భరిణె కప్పులో పోయడం మొదలుపెట్టాను. ఏడు పాళ్ళు నిండింది. నా చెయ్యి ఆగలేదు. అంచు దాకా, ఇంకో బొట్టు పడితే పొర్లిపోయేదాకా పోసి, దాని ముందు పెట్టాను. అది పొంగిపోయింది. కోపం పోయిందన్నమాట అనుకుంది కాబోలు, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

ఆమా ఆ కప్పు చూసింది. నన్ను చూసింది. మేనేజరమ్మకి పోసినావిడ, నేనేం చేశానో ఆవిడకి చెప్పాలా? చెయ్యి చాపి ఆ కప్పు వెనక్కి తీసుకుంది. పై మూడు పాళ్ళు పళ్ళెంలోకి ఒంపేసింది. మిగిలిన ఏడు పాళ్ళూ రెండు చేతులతో పట్టుకుని, మళ్ళీ ఆ అమ్మాయి ముందు పెట్టి, "తే" అంది.

అమ్మాయి నా చెవి దగ్గరికి వంగింది. "చూశావా అక్కా, నువ్వు నిండా పోస్తే ఆవిడ తీసి పారబోసింది. ఎంత పిసినారో!"

విడమరిచి చెప్పొచ్చు. చెప్పలేదు. తాగు, చల్లారిపోతుంది అన్నాను.

క్షమించింది ఆమా. ఆ మూడు పాళ్ళూ ఆవిడవి, ఎవరికిచ్చుకున్నా ఆవిడ ఇష్టం. నా ఇష్టం నాది. ఆ అమ్మాయి ఇప్పుడు వారానికోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా నేను అంచు దాకా పోస్తాను, ఆమా ఒంపేస్తుంది. కాంప్లెక్సులో తెలుగువాళ్ళందరికీ అది చెప్పుకునేది ఒకటే, అక్కది ఎంత పెద్ద చెయ్యో అని.